తెరపై చిత్రరచన మందగించినచో

ముగ్గు పెట్టిన చేయియే నేడు కంప్యూటరు తెరపై శుభలేఖలను, బొమ్మలను తీర్చుచున్నది. ఫిగ్మా, కాన్వా మొదలగు సాధనములు బ్రౌజరులోనే పనిచేయును గావున, ఇంటనుండియే యీ పని నేర్చి నాలుగు డబ్బులు గడించు స్త్రీలు పలువురు గలరు. అట్టివారికి తెరమీది బొమ్మ కదలక మొరాయించెనేని పోవునది కాలము మాత్రమే కాదు. ఇచ్చిన మాటయు, రావలసిన ప్రతిఫలమును గూడ పోవును.

మా పొరుగింటి వదినగారు శుభలేఖలు చిత్రించి సంసారమునకు చేదోడుగా నుందురు. కడచిన మాఘమాసమున, పెండ్లిండ్ల తొందరలో, ఆమె కంప్యూటరు మందగించెను. బొమ్మను పెద్దది చేయబోయిన తెర యాగి యాగి కదలును. అక్షరమును లాగిన నది కొంతసేపటికి గాని వెంటరాదు. మరమ్మతు చేయువాడు చూచి, “ఇది పాతబడినదమ్మా, క్రొత్తది కొనవలసినదే” యనెను. ఆమె కూతురి చదువునకై దాచిన సొమ్ము తీయుటకు సిద్ధపడెను. “వదినగారూ, రెండు దినములు తాళుడు, దోషమెక్కడనో ముందు చూతము” అని నేనంటిని.

మొట్టమొదట దోషముండు తావు తెలిసికొనవలెను. బొమ్మలను తెఱచునపుడును, భద్రపరచునపుడును మాత్రమే యాలస్యమగుచో ఇంటర్నెట్టును శంకింపవచ్చును. లాగునపుడును, పెద్దది చేయునపుడును తడబడుచో గ్రాఫిక్సును పరీక్షింపవలెను. అందులకై యొక ఖాళీ పుటను తెఱచి, రెండు గీతలు గీచి కదల్పుడు. అదియు మందముగా నున్నచో దోషము యంత్రమునందో బ్రౌజరునందో కలదు. చురుకుగా నున్నచో మనము చేసిన బొమ్మయందు కలదు. వదినగారి ఖాళీ పుటయు మందముగనే యుండెను.

కారణము వినుడు. తెర సాధారణముగా సెకనునకు 60 మారులు బొమ్మను మార్చుచుండును. ఇంత వేగముగా చిత్రించుటకే కంప్యూటరులో గ్రాఫిక్సు చిప్పు కలదు. 2011వ సంవత్సరమున వెలువడిన వెబ్‌జీఎల్ అను పద్ధతివలన బ్రౌజరులోని చిత్రములకును ఆ చిప్పు సాయము లభించుచున్నది. ఆ సాయము నిలిచిపోయినచో భారమంతయు ప్రధానమైన ప్రాసెసరుపై బడును. వంటయు, వడ్డనయు, అంట్లు తోముటయు నొక్క యిల్లాలిపైననే పడినట్లగును.

క్రోము బ్రౌజరు సెట్టింగ్సులో సిస్టమ్ అను భాగమును తెఱచిన గ్రాఫిక్సు యాక్సిలరేషను అను మీట కానవచ్చును. వదినగారి కంప్యూటరులో నది యాపివేయబడి యుండెను! మునుపెప్పుడో సినిమా నల్లగా కనబడగా కుమారుడు దాని నాపి, మరల వేయ మరచెనట. మీట వేసి, బ్రౌజరును మూసి తెఱువగానే ఖాళీ పుట చక్కగా కదలెను.

మీట వేసియున్నను మందము తీరనిచో గ్రాఫిక్సు డ్రైవరును క్రొత్తది చేయవలెను. రెండు చిప్పులు గల ల్యాప్‌టాపైనచో, విండోసు సెట్టింగ్సులోని డిస్‌ప్లే భాగమున, గ్రాఫిక్సు అనుచోట, బ్రౌజరునకు బలమైన చిప్పును నియమింపవచ్చును. బ్యాటరీని పొదుపు చేయు ఏర్పాటును ఆపి చార్జరు తగిల్పుడు. గాలిరంధ్రముల దుమ్ము తుడువుడు. మిక్కిలి వేడెక్కిన యంత్రము తనంత తానే వేగము తగ్గించుకొనును. బ్రౌజరునకు చేర్చిన ఎక్స్‌టెన్షనులను కొంతసేపు ఆపి చూడుడు. ఒక్కొక్క మారు ఒక్క మార్పే చేయవలెను. లేనిచో దేనివలన గుణమిచ్చినదో తెలియదు.

ఇంత చేసినను వదినగారి శుభలేఖ యొకటి మందముగనే యుండెను. అందు 10 ఫోటోలుండెను. ఒక్కొక్కటి 4000 చుక్కల వెడల్పు, 3000 చుక్కల ఎత్తు గలది. చుక్కకు 4 బైట్ల చొప్పున నొక్క ఫోటో తెరపై విప్పుకొనుటకే 4 కోట్ల 80 లక్షల బైట్లు పట్టును. అచ్చునకు అంగుళమునకు 300 చుక్కలు చాలును గనుక, 4 అంగుళముల ఫోటోకు 1200 చుక్కల వెడల్పు సరిపోవును. అసలు ఫోటోలను వేరుగా దాచి, 1200కు 900 చుక్కల ప్రతులను పెట్టితిమి. భారము పదునొకండవ వంతునకు తగ్గెను. అచ్చులో నేలోపమును కనబడలేదు. నీడలును, మసక వేయు అలంకారములును భారమును పెంచునవే. వానిని మితముగా వాడుట మేలు.

శుభలేఖ చెప్పిన దినమునకే చేరెను. కూతురి చదువు సొమ్ము పెట్టెలోనే యున్నది. క్రొత్త యంత్రము నిజముగా కావలసిన దినమును ఎప్పుడో రావచ్చును. కాని సోదరీమణులారా, ఇతరులు చెప్పిన మాటపై సొమ్ము తీయుటకు ముందు ఖాళీ పుట యొక్కటి తెఱచి చూడుడు. మన పనిముట్టును మనమే పరీక్షించుకొనుట నేర్చితిమేని, దానివలన గడించినది మనచేతనే నిలుచును.