చెవికి బరువు కాని యంత్రం

1910లో అమెరికా నౌకాదళానికి ఒక జత హెడ్‌ఫోన్లు అందాయి. పంపినవాడు యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్. అధికారులు పరీక్షించి చూస్తే, తాము వాడుతున్నవాటికంటే అవి ఎంతో స్పష్టంగా పలికాయి. తల మీది పట్టీని మాత్రం ఇంకాస్త సుఖంగా ఉండేలా మార్చమన్నారు. బాల్డ్విన్ మార్చి ఇచ్చాడు. ఒక విడతకు పదికి మించి ఆర్డరు తీసుకోలేనన్నాడు. ఆయన వాటిని తయారు చేస్తున్నది తన ఇంటి వంటగదిలో మరి!

హెడ్‌ఫోన్ల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చినది పట్టీ గురించి నౌకాదళం అడిగిన ఆ మాటే. రేడియో సంకేతాల కోసం గంటల తరబడి చెవొగ్గి కూర్చునేవాళ్లకు తెలుసు, కణతలు నొప్పి పుడితే ఎంత మంచి ధ్వని అయినా చెవికెక్కదని. ఇవాళ ఇంట్లో సినిమా చూసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

పాటలు వినడానికని స్టీరియో హెడ్‌ఫోన్లు వచ్చింది 1958లో. అమెరికాలోని మిల్వాకీ నగరంలో జాన్ కాస్ వాటిని తెచ్చాడు. చెవిని నలువైపులా మూసేసే డొప్పలు వాటివి. అలా మూయడానికి కారణం ఉంది. హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం దగ్గర సన్నని తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు హెచ్చుతగ్గులయ్యే కొద్దీ అది కదులుతూ, తనకు అతికిన పల్చటి పొరను ఊపుతుంది. ఆ పొర నెట్టే గాలి చెవిదాకా చేరాలి. డొప్ప అంచు దగ్గర సందు ఉంటే ముందుగా జారిపోయేది బేస్. అందుకే గట్టిగా బిగించేవాళ్లు. బిగువుతో పాటు చెమటా, నొప్పీ వచ్చేవి.

ఈ చిక్కును 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ మరో దారిలో విప్పింది. హెచ్‌డీ 414 అనే మోడల్‌లో డొప్ప వెనుక భాగాన్ని తెరిచి ఉంచారు. చెవికి ఆనేది పల్చటి పసుపుపచ్చ స్పాంజి. గాలి ఆడుతుంది, బరువు తెలియదు, పాట తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త ఎడంగా వినిపిస్తుంది. లోతైన బేస్ కొంత తగ్గినా జనం పట్టించుకోలేదు. కోటికి పైగా అమ్ముడుపోయాయి.

ఇంట్లో ఒక్కరే కూర్చుని వినేవాళ్లకు ఇప్పటికీ నేను చెప్పేది ఈ తెరిచిన రకమే. మన ఎండాకాలంలో రెక్సిన్ మెత్తల కింద చెవులు ఉడికిపోతాయి. గుడ్డ మెత్తలతో ఆ బాధ తక్కువ. అయితే పక్కన ఎవరైనా నిద్రపోతుంటే మీ పాట వాళ్లకూ వినిపిస్తుంది, హాల్లో టీవీ మోత మీకూ వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో మూసిన రకం తప్పదు.

ఏ రకం కొన్నా చెవి మొత్తం డొప్పలో ఇమడాలి. మెత్త చెవి మీదే నొక్కితే కమ్మలు, దిద్దులు పెట్టుకున్నవాళ్లకు అరగంటలోనే తెలిసిపోతుంది. కళ్లజోడు ఉంటే పెట్టుకునే పరీక్షించాలి. దాని కాడ మెత్తకూ తలకూ మధ్య సందు చేస్తుంది, మూసిన రకంలో బేస్ అక్కడినుంచే కారిపోతుంది. మొదటి ఐదు నిమిషాల్లో ఏ హెడ్‌ఫోన్ అయినా మెత్తగానే ఉంటుంది. మన సినిమా రెండున్నర గంటలు. దుకాణంలో కనీసం ఇరవై నిమిషాలు తీయకుండా పెట్టుకుని చూడండి, దుకాణదారు ఏమనుకుంటాడోనని మొహమాటపడొద్దు.

సినిమాలకైతే వైరు ఉన్నది మేలు. బ్లూటూత్‌లో ధ్వని కొంత ఆలస్యంగా చేరుతుంది. ఫోన్లు బొమ్మను కూడా ఆ మేరకు ఆపి సరిచేస్తాయి కానీ కొన్ని టీవీలు చేయవు, అప్పుడు పెదవులొకటి మాట ఒకటి అవుతాయి. వైరు రకాల్లో విద్యుత్ నిరోధం (ఇంపిడెన్స్) 250, 300 ఓమ్‌లు ఉన్నవి ఫోనుకు తగిలిస్తే చాలావరకు నీరసంగా పలుకుతాయి, వాటికి విడిగా ఆంప్లిఫయర్ కావాలి. 32 ఓమ్‌ల దగ్గరివి చాలు.

శబ్దం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. ధ్వని పెరిగేకొద్దీ ఆ గంటలు వేగంగా తరిగిపోతాయి.

ఇక మెత్తలు. వాడకంలో ముందు పాడయ్యేవి అవే. రెక్సిన్ పెచ్చులూడి మెడ మీద రాలుతుంటే, లోపలి యంత్రం బాగున్నా చాలామంది మొత్తం పారేస్తారు. కొనేముందే ఆ మోడల్ మెత్తలు విడిగా దొరుకుతాయో లేదో, ఇంట్లో మనమే మార్చుకోగలమో లేదో అడగండి.