బండి రాని స్టేషన్

ఇండియా వెళ్ళినప్పుడు ఎవరైనా "అమెరికాలో ఎక్కడుంటారమ్మా?" అని అడిగితే మనం ఠక్కున "డెట్రాయిట్" అనేస్తాం. ఫార్మింగ్టన్ హిల్స్ అంటే వాళ్ళకు తెలియదు, డెట్రాయిట్ అంటే కార్ల ఊరని అందరికీ తెలుసు. కానీ నిజం చెప్పండి, ఆ డెట్రాయిట్‌లో మనం ఎన్నిసార్లు కాలు పెట్టాం? మన గుళ్ళు నోవైలోనూ కాంటన్‌లోనూ ట్రాయ్‌లోనూ ఉన్నాయి. విమానాశ్రయం రొమ్యులస్‌లో ఉంది. పచ్చిమిరపకాయలకీ కరివేపాకుకీ కూడా ఊరు దాటనక్కర్లేదు. నేను అక్కడి ఒక ఆసుపత్రిలో మూడేళ్ళు రెసిడెన్సీ చేశాను. అయినా నాకు తెలిసిన డెట్రాయిట్ అంతా ఫ్రీవే దిగిన దగ్గర్నుంచి పార్కింగ్ దాకానే.

2025 వేసవిలో మా నాన్న వచ్చారు. విజయవాడ గూడ్సు ఆఫీసులో క్లార్కుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయిన మనిషి. నాలుగు రోజులు మా వీధి చివరిదాకా నడిచి వచ్చి, అయిదో రోజున "అమ్మాయ్, ఇంతకీ మీ స్టేషన్ ఎక్కడ?" అన్నారు. మాకు స్టేషన్ లేదన్నాను. ఆయన నమ్మలేదు. ఇంత సందడి ఉన్న ఊరికి స్టేషన్ లేకపోవడమేమిటని ఆయన అనుమానం. ఆ శనివారం ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరాను. ఫ్రీవే ఎక్కకుండా గ్రాండ్ రివర్ రోడ్డు మీదుగానే వెళ్ళాం. ఒకప్పుడు ఈ దారినే ఫార్మింగ్టన్ నుంచి డెట్రాయిట్‌కి ఎలక్ట్రిక్ ట్రాలీ నడిచేదని చెబితే "మరి తీసేశారెందుకు?" అన్నారు. ఆ ప్రశ్న రోజంతా వదల్లేదు.

ముందు ఈస్టర్న్ మార్కెట్‌కి వెళ్ళాం. అక్కడ 1891 నుంచి కూరగాయల సంత జరుగుతోంది. శనివారం పూట రైతులు బుట్టల లెక్కన టొమాటోలు అమ్ముతారు, ఆవకాయల కాలంలాంటి సందడి. ఆ సంత పక్కనుంచే డెక్విండర్ కట్ అనే బాట నది దాకా వెళ్తుంది. అది ఒకప్పటి గ్రాండ్ ట్రంక్ రైలు దారి. వీధులకు అడ్డం రాకుండా నేలమట్టానికి పాతిక అడుగుల కిందికి తవ్వి వేశారు. రైళ్ళు పోయాక చెత్తకుప్ప అయింది. 2009లో మొదటి భాగాన్నీ, 2016లో ఈస్టర్న్ మార్కెట్ దాటేదాకా మిగతా దాన్నీ బాగుచేసి నడకకీ సైకిళ్ళకీ తెరిచారు. గోడల మీది బొమ్మల్ని చెరపలేదు. రెండు మైళ్ళ దూరం. నాన్న మధ్యమధ్య ఆగి పాత వంతెనల దూలాలు తట్టి చూశారు.

ఆ బాట నదిని చేరే చోట ఉన్నది పాత గిడ్డంగుల పేట. ఓడల యంత్రాలు తయారుచేసిన కార్ఖానా ఒకటి 2015 నుంచి పిల్లలకు అడవులూ చేపలూ జంతువులూ చూపించే కేంద్రమయింది. దానికి తూర్పున కొంత దూరంలో నన్ను నిలబెట్టేసిన ఇటుక భవనాలున్నాయి. అవి పార్క్ డేవిస్ కంపెనీవి. డాక్టర్లకు ఈ పేరు వేరే చెప్పనక్కర్లేదు. మూర్ఛకు ఇచ్చే డైలాంటిన్, అలర్జీకి ఇచ్చే బెనడ్రిల్ వాళ్ళవే. అన్నిటికన్నా మించి క్లోరోమైసెటిన్. మా నాన్న చిన్నతనంలో టైఫాయిడ్ అంటే మూడు వారాల లంఖణం, ఆపైన దేవుడి దయ. 1947లో వెనిజులా మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్న ఆ మందును 1949 నాటికి పార్క్ డేవిస్ వాళ్ళు పూర్తిగా రసాయనాలతోనే తయారు చెయ్యగలిగారు. మన ఊళ్ళల్లో అది ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో! తర్వాత రక్తంలో దుష్ఫలితాలు బయటపడ్డాయి, రోగక్రిములూ దానికి లొంగడం మానేశాయి, అది వేరే కథ. "మా అక్కకి ఇచ్చారు ఆ మందు" అన్నారు నాన్న, ఆ గోడల వంక చూస్తూ. 1980లలో ఒక బీరు కంపెనీ ఆ ప్రాంగణాన్ని బాగుచేసి ఆఫీసులుగా, ఇళ్ళుగా మార్చింది. లేకపోతే అవీ నేలమట్టం అయ్యేవి.

అక్కణ్ణించి పడమరగా కార్క్‌టౌన్. ఐర్లండులోని కార్క్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళ పేరు మీద వెలసిన పేట. డెట్రాయిట్‌లో మిగిలిన పేటల్లో అన్నిటికన్నా పాతది. దూరం నుంచే పద్ధెనిమిది అంతస్తుల భవనం కనబడగానే నాన్న మొహం వెలిగింది. "అదీ స్టేషనంటే!"

మిషిగన్ సెంట్రల్ స్టేషన్ ఊరి నడిబొడ్డున కాక ఇంత ఎడంగా ఎందుకుందన్నది చాలామందికి వచ్చే సందేహం. కారణం నది కింది సొరంగం. కెనడా వైపు నుంచి వచ్చే రైలు పెట్టెల్ని అంతకుముందు పడవల మీద దాటించేవారు. 1910లో సొరంగం తెరిచాక దాని మొగకు దగ్గరగా కొత్త స్టేషన్ మొదలుపెట్టారు. 1913 డిసెంబరు 26న పాత స్టేషన్ కాలిపోవడంతో, కొత్తదాన్ని హడావుడిగా ఆ రోజే వాడుకలోకి తెచ్చారు. న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ కట్టిన వాస్తుశిల్పులే దీన్నీ కట్టారు. వెయిటింగ్ హాలు రోమన్ స్నానశాలల నమూనా.

నా పేషెంటు ఒకావిడ, ఎనభై దాటిన నల్లజాతి వృద్ధురాలు, చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని దక్షిణాది నుంచి సిన్సినాటిలో బండి మారి ఇక్కడే దిగిందట. ఆ హాల్లో తల ఎత్తి చూసి దేవుడి ఇల్లు ఇదేననుకుందట. బి.పి. చూస్తున్నప్పుడు చెప్పిన మాట.

ఆ స్టేషన్ ఎందుకు చచ్చిపోయిందంటే, జవాబు మనకు అంత సుఖంగా ఉండదు. దాన్ని ట్రాలీల్లో వచ్చేవాళ్ళ కోసం కట్టారు, కార్లు నిలిపే చోటు పెద్దగా ఉంచలేదు. ట్రాలీలు పోయాయి. ఊరి చివరి ట్రాలీ 1956లో ఆగింది. ఫ్రీవేలు వచ్చాయి. ఆ ఫ్రీవేల వెంబడి జనం బయటికి పోయారు. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల 50 వేలు, 2020లో 6 లక్షల 39 వేలు. ఇటు చూస్తే పొలాల మీద ఇళ్ళు లేచి 1973లో ఫార్మింగ్టన్ హిల్స్ నగరమయింది, 2020 నాటికి 84 వేల మంది. మనం చాలా తర్వాత వచ్చినవాళ్ళమే, ఎవర్నీ వెళ్ళగొట్టలేదు. కానీ అటు ఖాళీ అవుతున్న కొద్దీ ఇటు నిండిన ఊళ్ళోనే మన ఇల్లు. 1988 జనవరి 5న ఆఖరి బండి వెళ్ళిపోయింది.

తర్వాతి ముప్ఫై ఏళ్ళూ శవజాగరణ. రాగి తీగెలు, ఇత్తడి, పాలరాయి దొంగలు పట్టుకుపోయారు. కిటికీ అద్దం ఒక్కటి మిగల్లేదు. డెట్రాయిట్ పతనం అని ఏ పత్రిక రాసినా ఫోటో దీనిదే. 2009లో నగర కౌన్సిల్ కూల్చెయ్యాలని తీర్మానించింది, అయితే పని ముందుకు సాగలేదు. 2018లో ఫోర్డు కంపెనీ 9 కోట్ల డాలర్లకు కొన్నది.

ఇక్కడినుంచి కథ నాకు వృత్తిరీత్యా నచ్చింది. ఎమర్జెన్సీకి వచ్చిన రోగికి ముందు అందం చూడం, రక్తం ఆపుతాం. వాళ్ళూ అంతే. అడుగు అంతస్తులోంచి 35 లక్షల గ్యాలన్ల నీళ్ళు తోడారు. ఏళ్ళ తరబడి తడిసి, గడ్డకట్టి, కరిగిన రాళ్ళను ఆరబెట్టారు. ఆ తర్వాతే మెరుగులు. హాలు కప్పులో 29 వేల పలకలుంటే వాటిలో 1,300 మాత్రమే కొత్తవి వెయ్యాల్సొచ్చింది. పాత సున్నపురాయితో కలవడానికి ఇండియానాలో దశాబ్దాలుగా మూసి ఉన్న గనిని మళ్ళీ తెరిపించారు. మూడువేల మంది పైచిలుకు పనివాళ్ళు, 17 లక్షల పనిగంటలు. కొన్నారన్న వార్త రాగానే, ఇరవై ఏళ్ళ క్రితం స్టేషన్ గడియారం ఎత్తుకుపోయినవాడెవడో ఫోన్ చేసి ఫలానా కాలిన ఇంటి పక్కన పెట్టాను తీసుకోండి అన్నాడట! దొంగకు కూడా ఊరి మీద మమకారం ఉంటుంది. 2024 జూన్ 6న పెద్ద సంగీత సభతో తెరిచారు. పక్కనే 1936లో ఆల్బర్ట్ కాన్ నమూనాతో కట్టిన పోస్టాఫీసు, తర్వాత బడిపుస్తకాల గిడ్డంగి అయి 1987లో కాలిపోయినది, 2023లో కొత్త కంపెనీల పనిచోటుగా తెరుచుకుంది. ఈ మొత్తం పేట మీద ఖర్చు దాదాపు 95 కోట్ల డాలర్లు.

రైలు స్టేషన్‌ను చంపింది కారు. బతికించిందీ కార్ల కంపెనీయే. మన ఇళ్ళల్లో చాలా వాటిలో బియ్యం ఉడుకుతున్నదీ కార్ల జీతాల మీదే, మావారిది కూడా. కాబట్టి నేను ఎగతాళి చెయ్యను. లోపలికి వెళ్ళినప్పుడు నాకూ ఒళ్ళు పులకరించింది. గోడల మీది పిచ్చిరాతల్ని ఒక చోట అలాగే ఉంచడం మరీ నచ్చింది. చచ్చిన కాలాన్ని దాచలేదన్నమాట.

నాన్న మాత్రం హాలంతా తిరిగి టిక్కెట్ల కిటికీ దగ్గర నిలబడి "బండి ఎన్ని గంటలకి?" అన్నారు. ప్రయాణికుల బండి రాదన్నాను. చికాగో వెళ్ళే ఆమ్‌ట్రాక్ ఉడ్వర్డ్ రోడ్డు మీది చిన్న స్టేషన్‌లో ఆగుతుంది. "మరి దీన్ని స్టేషనని ఎందుకంటున్నారు?" అన్నారు. 2025 ఫిబ్రవరిలో సికింద్రాబాదు స్టేషన్ పాత భవనం కూలగొడుతున్న వీడియో చూసి రెండు రోజులు సరిగా మాట్లాడని మనిషి ఆయన. అక్కడ బండ్లు ఉన్నాయి, భవనం పోయింది. ఇక్కడ భవనం ఉంది, బండ్లు లేవు. ఏది నయమని అడిగాను. ఆయన ఆలోచించలేదు. "బండ్లుంటే భవనం మళ్ళీ కట్టుకోవచ్చు" అన్నారు.

నాకు అంత తేలికగా ఒప్పుకోబుద్ధి కాలేదు గానీ, ఆయన మాటలో పట్టు ఉంది. నేను రెండు ఫోటోలు తీసి ఆ పెద్దావిడకు చూపించినప్పుడు చాలా సంతోషించింది, కానీ తను వెళ్ళలేదు. కారు లేదు, రెండు బస్సులు మారాలి. పేట వెలిగిన కొద్దీ ఇళ్ళ అద్దెలూ పన్నులూ పెరుగుతాయన్న భయం కార్క్‌టౌన్ పాతకాపులకు మొదటినుంచీ ఉంది. చుట్టుపక్కల వాళ్ళ మేలుకోసం ఫోర్డు 2018లో కోటి డాలర్లు ఇస్తానని ఒప్పుకున్నది. కోటి మంచిదే, 95 కోట్ల పక్కన పెట్టి చూడండి.

ఇంకొక లెక్క మనది. 2016 నవంబరులో మన నాలుగు కౌంటీలకూ కలిపి బస్సులూ, ఆన్ ఆర్బర్ నుంచి డెట్రాయిట్ దాకా రైలూ నడపడానికి పన్ను అడిగారు. వేన్, వాష్టెనా కౌంటీలు సరేనన్నాయి. మన ఓక్లండ్ కౌంటీలో చాలా స్వల్పమైన తేడాతో వీగిపోయింది, మొత్తం మీద ఓడిపోయింది. ఓటున్న మనవాళ్ళల్లో ఎంతమంది ఆ రోజు పత్రం చివరిదాకా చదివారో! 2022 నవంబరులో మన కౌంటీ అంతటికీ బస్సు పన్ను నెగ్గింది. అంతకుముందు నోవై లాంటి ఊళ్ళు బస్సు మాకొద్దని పక్కకు తప్పుకునేవి. 2025లో ఈ స్టేషన్ పక్కనే మళ్ళీ రైళ్ళూ బస్సులూ ఆగే కేంద్రం కట్టాలన్న ఆలోచన ప్రకటించారు. అది కాగితం మీంచి నేల మీదికి రావాలంటే మళ్ళీ ఏదో ఒక నవంబరులో మన గుమ్మం ముందుకే వస్తారు.

ఎవరైనా వెళ్ళదలిస్తే శనివారం ఉదయం మంచిది. గ్రాండ్ రివర్ మీదుగా అయితే గంట, ఫ్రీవే అయితే అరగంట. కింది హాలు చూడడానికి టిక్కెట్టు లేదు. పిల్లల్ని తీసుకువెళ్ళండి, పెద్దవాళ్ళను మరీ.

బయటికి వచ్చి కారు దగ్గరికి నడుస్తుంటే వెనకవైపు నుంచి కూత వినబడింది. సొరంగంలోకి వెళ్ళే గూడ్సు బండి. ఆ పట్టాలు ఇంకా పనిచేస్తున్నాయి. నాన్న ఆగిపోయి వేలితో పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాను. డెబ్బై దాటాక నేను లెక్క మరిచిపోయాను. ఆయన మరవలేదు.