దండెము: ఆఱుట, ఎండుట

రాయపూరులోని దేవేంద్రనగర్ వంటి హిందీ పరిసరములలో తీగపై బట్టలకును, చాపపై మిరపకాయలకును 'సూఖ్‌నా' యను నొక్క క్రియయే చాలును. తెలుగున నట్లు కాదు. దండెముపై బట్టలు ఆఱును; మిరపకాయలు ఎండును. 'ఆఱు' అనగా ఉన్నది తొలగుట: బట్టనుండి తడి, దీపమునుండి మంట, పుండునుండి బాధ. తమిళ కన్నడములందును ఈ ధాతువునకు చల్లబడుట, మానుట యను నర్థములు కలవు. 'ఎండు'నకు 'ఎండ'తో సంబంధము స్పష్టము. బట్ట నీడలోనైనను ఆఱును, ఆఱినను బట్టయే. ఎండిన పైరు పైరుగా మిగులదు. కొన్ని ప్రాంతములలో బట్టలు 'ఎండు' ననుటయు గలదు. అయినను దీపము ఎండదు, పుండు ఎండినను మానినట్లు కాదు. రెండింటికిని 'సూఖ్‌నా'యే సాటి యగుచోట, ప్రవాసాంధ్రుల పలుకులో పదములు నిలిచియు వాని నడిమి గీటు చెరగవచ్చును. నిఘంటువు పదములనే కాక యీ గీటును గూడ భద్రపఱుపవలెను.