చెరువు గాలికి పెద్ద బోర్డే మేలు

బోర్డు మీద నిలబడి, తెరచాపను చేత్తో పట్టుకుని గాలివాటున సాగే విండ్‌సర్ఫింగ్‌కు సముద్రమే ఉండాలనుకుంటారు చాలామంది. కానీ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సెయిలింగ్‌లో రజతం గెలిచిన నేహా ఠాకూర్ భోపాల్ చెరువులో తయారైంది. అదే క్రీడల్లో పోటీపడిన మన ప్రీతి కొంగర హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకుంది. వాళ్లవి పడవలే, అయినా గాలి ఆనుపానులు రెండింటికీ ఒకటే. కరీంనగర్‌ను ఆనుకునే 24 టీఎంసీల దిగువ మానేరు జలాశయం ఉంది కాబట్టి నీటికి కొదవ లేదు. అడ్డొచ్చేది సామాను ఖరీదు. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు దాన్ని బోర్డు పరిమాణం మీదే పెట్టాలి, కొత్తదనం మీదో కార్బన్ సామాను మీదో కాదు.

లెక్క చూడండి. ఒక లీటరు పరిమాణం సుమారు కిలో బరువును తేలుస్తుంది. 70 కిలోల మనిషి, పది పన్నెండు కిలోల బోర్డు, ఏడెనిమిది కిలోల తెరచాప సరంజామా కలిస్తే దాదాపు 90 కిలోలు అయినట్టే. వంద లీటర్ల బోర్డు ఆ బరువుకు అంచుల దాకా మునిగి ఊగిపోతుంది. పైగా మొదట్లో పనంతా నీళ్లలో పడ్డ తెరచాపను లేపడమే. తెరచాపను నిలిపే స్తంభానికి, అంటే మాస్టుకు, అటూ ఇటూ పాదాలు పెట్టి, మోకాళ్లు వంచి, తెరచాపకు కట్టిన తాడును చేయి మార్చి చేయి లాగాలి. పైన నిలిచిన నీళ్లు జారేదాకా తెరచాప రాయిలా కదలదు. జారగానే ఒక్కసారిగా తేలికై మనిషి వెనక్కి తూలుతాడు. అప్పుడు నిలబెట్టేది 180 నుంచి 220 లీటర్ల వెడల్పాటి బోర్డే. దాని అడుగున నీళ్లలోకి దిగే పలక, అంటే సెంటర్‌బోర్డు, ఉండి తీరాలి. లేకుంటే గాలి పక్కకు నెట్టుకుపోతుంది, బయల్దేరిన గట్టుకు తిరిగి రావడం కష్టం. తెరచాప పెద్దవాళ్లకు ఐదు చదరపు మీటర్ల లోపు, పిల్లలకు రెండు మూడు చాలు.

నేర్చుకున్నాక అంత పెద్ద బోర్డు వృథా కదా అంటారు. చిన్న బోర్డు జోరందుకోవాలంటే గాలి గంటకు 25 కిలోమీటర్లకు అటూ ఇటూగా నిలకడగా వీయాలి. నైరుతి రుతుపవనాల రోజులు దాటితే మన చెరువుల మీద అది అరుదు. పెద్దది చిరుగాలికీ కదులుతుంది, ఇంట్లో తర్వాతివాళ్లకూ అక్కరకొస్తుంది. బస్సులో తీసుకెళ్లాలంటే గాలి నింపే బోర్డూ పనికొస్తుంది, మాస్టు బిగించే చోటూ అడుగున మధ్యలో రెక్కలాంటి ఫిన్నూ ఉంటే. పాతవి కొంటే మోసపోతామన్న భయం నిజమే, కానీ చూసి కొనొచ్చు. మాస్టు బిగించే చోటు చుట్టూ బొటనవేలితో నొక్కితే లోపలికి దిగినా, ఊపితే నీళ్ల చప్పుడు వినిపించినా వదిలేయండి. మాస్టును బోర్డుకు కలిపే జాయింట్ రబ్బరును వంచి చూడండి. పగుళ్లుంటే కొత్తది వేయించాల్సిందే. మాస్టు పొడవు తెరచాప మీద అచ్చయిన అంకెకు సరిపోతే 30 శాతం కార్బన్ ఉన్న మాస్టుతోనే పని జరుగుతుంది.

అయితే గాలి బాగా వీచే నెలలే వరద నెలలు. 2022 జూలైలో వరదకు కడెం ప్రాజెక్టు ఎంత ప్రమాదంలో పడిందో ఉమ్మడి ఆదిలాబాద్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. గేట్లు ఎత్తే రోజుల్లో జలాశయాల జోలికి పోకండి, అధికారుల అనుమతి లేకుండా ఎప్పుడూ దిగకండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే సెట్టు కొనుక్కోండి, ఒకరు నీళ్ల మీద ఉంటే ఒకరు గట్టున కాపలా ఉండొచ్చు. మిగిలిన డబ్బుతో లైఫ్ జాకెట్ మాత్రం కొత్తదే కొనండి.