బోరుబావుల ఆట



పులిజూదమున మన ఎత్తు మంచిదా, చెడ్డదా యన్నది ఎదుటివారి ఎత్తును బట్టి యుండును. ఇట్లు ఒకరి లాభము వేరొకరి నిర్ణయముపై నాధారపడు వ్యవహారము నెల్ల గణితవేత్తలు ‘ఆట’ యందురు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఒకే భూగర్భజలమును తోడు బోరుబావుల వ్యవహారమును అట్టి ఆటయే.

ఇరుగుపొరుగు రైతుల నిద్దరి నూహింపుడు. ఇద్దరును వేరుసెనగ వంటి ఆరుతడి పైరు వేసినచో చెరి 6 పాళ్ల లాభము. ఒకరు మాత్రము వరి వేసినచో వారికి 8, రెండవవారికి 3. ఇద్దరును వరి వేసినచో నీరు తరిగి చెరి 4. పొరుగువారేమి వేసినను తమకు వరియే మేలుగా దోచును. కావున ఇద్దరును వరి వేసి 4 పాళ్లకు దిగుదురు. అందుండి ఒక్కరే మారినచో 3 మాత్రమే దక్కును. ఎవ్వరును ఒంటరిగా మారి బాగుపడలేని యీ నిలుకడకు ‘సమతాస్థితి’ యని పేరు. దీని సిద్ధాంతమును జాన్ నాష్ అను అమెరికా గణితవేత్త 1950లో ప్రకటించెను.

ఇద్దరి ఆటను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. బావులు వందలైనచో కంప్యూటరు కావలెను. అది తనతో తానే పలుమారు లాడును. ప్రతి యాట పిదపను ‘వేరొక ఎత్తు వేసియున్న నెంత వచ్చెడిది?’ యని లెక్కించి, లాభించెడి ఎత్తును ఆపై తరచుగా వేయును. మన ఆటను 6 పాళ్లతో మొదలిడినను, ‘వరికి 8 వచ్చెడిదే’ యని నేర్చి, తుదకు 4 వద్దనే ఆగును. అన్ని ఆటలలోను ఈ పద్ధతి గమ్యము చేరునని చెప్పరాదు. అయినను కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 2015లో ఈ మార్గముననే, ఇద్దరాడు ఒక విధమైన పోకరు పేకాటకు దాదాపు సంపూర్ణ పరిష్కారమును సాధించిరి.

యంత్రము చూపునది నిలుకడయే గాని మేలు కాదని గ్రహింపవలెను. మేలు కోరినచో ఆట కట్టడినే మార్చవలెను. వరి వేసినవారు 3 పాళ్లు ఉమ్మడి నిధికి చెల్లింపవలెనని ఊరు కట్టుబాటు చేసెనేని, వారి 8 పాళ్లు 5 అగును, 4 పాళ్లు 1 అగును. అప్పుడు ఆరుతడి పైరే సమతాస్థితి యగును.

జరిమానాయే మార్గము కాదు. 2000 తరువాతి దశకమున, ఈ ప్రాంతములు చేరియున్న నాటి మహబూబ్‌నగర్ మొదలగు 7 జిల్లాలలో, రైతులే వానను, బావుల నీటిమట్టమును కొలిచి, ఊరంతయు కూడి నీటిలెక్క వేసి పైరులు నిర్ణయించుకొను పథకము నడచెను. పొరుగువారి లెక్క తెలిసినచో అనుమానము తగ్గును.

కావున మరియొక బోరు వేయించుటకు ముందు మీ ఊరి బావుల నీటిమట్టములను ఒకచోట వ్రాయింపుడు. లెక్క యంత్రము చేయగలదు. కట్టుబాటు మాత్రము రచ్చబండకడ మీరే చేయవలెను.