కొత్తగా కాదు.. అచ్చం అప్పటిలా!

పాత రేసు కారును బాగుచేయడమంటే రంగేసి మెరిపించడమేనా? అమెరికాలో 1960ల నాటి డ్రాగ్‌స్టర్లను పునరుద్ధరించేవాళ్ల పని చూస్తే అలా అనిపించదు.

402 మీటర్ల తిన్నని ట్రాక్‌పై దూసుకెళ్లేందుకు ఈ కార్లను తరచూ కోసి, అతికి మార్చేసేవారు. ఇంజిన్ ఒకరికి, ఛాసిస్ మరొకరికి అమ్మేవారు. అందుకే మొదటి ప్రశ్న.. ఏ ఏడాది నాటి రూపానికి తేవాలి?

జవాబు ఆధారాల్లో దొరుకుతుంది. పక్కనుంచి తీసిన పాత ఫొటోలో చక్రం సైజు తెలిస్తే, ఆ నిష్పత్తితో కారు పొడవు లెక్కగట్టొచ్చు. గొట్టాలపై రంగు తీస్తే తర్వాత వేసిన వెల్డింగులు బయటపడతాయి.

అసలు చిక్కు భద్రతతోనే. అప్పట్లో ఇంజిన్ డ్రైవర్ ముందుండేది. 1970లో ట్రాన్స్‌మిషన్ పేలి, డాన్ గార్లిట్స్ కుడి పాదంలో కొంత భాగం పోయింది. 1971లో ఇంజిన్‌ను వెనక్కి మార్చిన కారుతో ఆయన గెలిచారు. పాత కారును ఉన్నదున్నట్టు తెస్తే ఆ ప్రమాదమూ తిరిగొస్తుంది. అందుకే కాలిఫోర్నియాలో జరిగే ‘కాకిల్‌ఫెస్ట్’లో వీటితో రేసు పెట్టరు, ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ శబ్దం వినిపిస్తారంతే.

కొలవడం, క్యాడ్‌లో గీయడం, పగుళ్లు పరీక్షించడం.. రివర్స్ ఇంజినీరింగ్ ఉద్యోగాల్లోనూ ఇదే పని. మీరూ ఓ పాత పంపుసెట్ విప్పి చూడండి. ప్రతి భాగాన్నీ ఫొటో తీసి, కొలిచి, ఏది ఒరిజినలో, ఏది తర్వాత మార్చిందో కారణంతో రాయండి. ఇంటర్వ్యూలో ‘ఏం చేశావ్?’ తర్వాత వచ్చే ప్రశ్న ‘ఎలా తెలుసు?’ అనే. ఆ నోట్‌బుక్కే మీ జవాబు.