రాతికి మేలిముసుగు

పెళ్ళికూతురు కాస్త తల వంచి నిలబడింది. ముఖం మీద పల్చటి మేలిముసుగు. దాని చాటున కళ్ళు, ముక్కు, పెదవులు తెలుస్తూనే ఉన్నాయి. ముసుగు తొలగించి చూద్దామనిపిస్తుంది. కానీ తొలగదు. ఎందుకంటే అదీ రాయే!

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఈ పాలరాతి శిల్పం పేరు ‘వెయిల్డ్ రెబెక్కా’. బైబిలు కథలో రిబ్కా, తనను పెళ్ళాడబోయే ఇస్సాకును దూరం నుంచి చూసి ముసుగు వేసుకుంటుంది. ఆ క్షణాన్నే ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోనీ (1809–1873) రాతిలో నిలిపాడు. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్ళినప్పుడు దీన్ని కొన్నారు.

ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పాలను ఆదర్శంగా తీసుకున్న ఈ శైలిని నియోక్లాసికల్ అంటారు. యూరప్ రాజులకు అదంటే మహా మోజు. నెపోలియన్ భార్య జోసెఫిన్ సేకరించిన కానోవా శిల్పాల్లో కొన్నింటిని ఆమె మరణం తర్వాత, 1815లో రష్యా చక్రవర్తి మొదటి అలెగ్జాండర్ కొన్నాడు. ఒకే శిల్పాన్ని చాలామంది కోరేవారు. అందుకే శిల్పి ముందు మట్టి నమూనా, దాని నుంచి ప్లాస్టర్ అచ్చు తయారు చేసేవాడు. ఆ కొలతలతో సహాయకులు రాయి చెక్కేవారు. రెబెక్కా శిల్పాలు అమెరికాలోని అట్లాంటా, డెట్రాయిట్ మ్యూజియాల్లోనూ ఉన్నాయి.

మరి రాయి గుడ్డలా ఎలా కనిపిస్తుంది? నిజానికి అక్కడ ముసుగు వేరు, ముఖం వేరు కాదు. ముక్కు, నుదుటి దగ్గర మడతలు లోతు తక్కువ. పక్కన జారేచోట లోతు ఎక్కువ. ఆ వెలుగునీడలను చూసి గుడ్డ ఉందనుకునేది మన కన్నే. పాలరాయి వెలుగును కొంచెం లోపలికి పోనిస్తుంది. అందుకే చర్మంలా మెత్తగా అనిపిస్తుంది.

మన చిక్కబళ్ళాపురం పక్కనే, నంది గ్రామంలో భోగనందీశ్వరాలయం ఉంది. అక్కడి కల్యాణ మంటపం నల్లరాతి స్తంభాల మీద దేవతల జంటలు, లతలు చూశారా? అక్కడా పెళ్ళి సంబరమే, అక్కడా ఉలి పనే!

ఒకప్పుడు రెబెక్కాను చూడాలంటే దివాను గారి ఇంటికి అతిథిగా వెళ్ళాలి. మూడవ సాలార్‌జంగ్ 1949లో వారసులు లేకుండా మరణించారు. 1951లో ఆ సేకరణ మ్యూజియమైంది. ఇప్పుడు టికెట్టు కొన్న ఎవరైనా చూడొచ్చు. నంది స్తంభాలైతే మన ఊళ్ళవారికి మరీ దగ్గర. రెబెక్కాకు కాపలా ఉంది. స్తంభానికి మనమే కాపలా. తాళంచెవితో పేరు గీకడానికి నిమిషం చాలు. ఆ గీత చెరపడం ఎవరివల్లా కాదు.

చేసి చూడండి: పల్చటి చేతిరుమాలు తడిపి, పిండి, బొమ్మ ముఖం మీద పరవండి. ఎక్కడ అతుక్కుంది? ఎక్కడ మడత పడింది? కనిపించిన నీడలను మాత్రమే పెన్సిలుతో గీయండి. మీ కాగితం మీదా ముసుగు కనిపిస్తుంది.